షికాగోలో నేల టికెట్టు

అమెరికా వచ్చి పాతికేళ్లయినా బేస్‌బాల్ జోలికి పోని మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లని తప్పు పట్టలేం. క్రికెట్ చూసి పెరిగిన కంటికి ఈ ఆట మొదట్లో ఎక్కదు. మూడు గంటలు కూర్చుంటే చివరికి స్కోరు 3-2. సిక్సర్ లాంటిది పడటానికి గంటన్నర పడుతుంది. పిల్లల కోసం ఒకసారి స్టేడియానికి వెళ్లి, ఓ హాట్‌డాగ్ తిని, ఫొటో దిగి, ఏడో ఇన్నింగ్స్‌లో పార్కింగ్ రద్దీకి ముందే బయటపడటం మనకి ఆనవాయితీ.

అలాంటివాళ్లకి ఆట రూల్స్ చెప్పే ఓపిక నాకు లేదు. ఒక సినిమా పేరు మాత్రం చెబుతుంటాను. ‘బ్లీచర్ బమ్స్’. 1977లో షికాగోలో ఆడిన నాటకం దీనికి మూలం. 2002లో షోటైం కేబుల్ చానల్‌కి సినిమాగా తీశారు. బేస్‌బాల్ రూల్ ఒక్కటి కూడా తెలియక్కర్లేదు. ఎందుకంటే కథ ఆడేవాళ్లది కాదు, చూసేవాళ్లది.

ముందు ఆ పేరు సంగతి. స్టేడియంలో బంతి వెళ్లి పడే దూరపు అంచున, పైన కప్పు లేకుండా, ఎండకి ఎండి వానకి తడిసే బెంచీలని బ్లీచర్స్ అంటారు. ఎండకి రంగు వెలిసిపోతాయి కాబట్టి ఆ పేరు. బమ్ అంటే పనీపాటా లేని బడుద్ధాయి. మన భాషలో చెప్పాలంటే నేల టికెట్టు జనం. మన ఊళ్లలో టూరింగ్ టాకీస్ రోజుల్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్లు సినిమా చూసేవాళ్లు, నేల మీద కూర్చున్నవాళ్లు సినిమాలో ఉండేవాళ్లు. హీరోకి సలహాలు ఇచ్చేది, విలన్‌ని తిట్టేది, పాటకి కాగితాలు చింపి ఎగరేసేది అక్కడి నుంచే. షికాగో కబ్స్ జట్టు సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో బ్లీచర్స్ సరిగ్గా అలాంటి చోటు. అవతలి జట్టువాడు హోమ్ రన్ కొడితే బంతి వచ్చి పడేది వాళ్ల మధ్యలోనే. వేరే చోట అయితే దాన్ని జ్ఞాపకంగా ఇంటికి పట్టుకెళ్తారు. ఇక్కడ మాత్రం ‘మాకొద్దు పో’ అన్నట్టు మళ్లీ మైదానంలోకి విసిరేస్తారు. విసరకపోతే చుట్టుపక్కలవాళ్లు ఊరుకోరు. 1960ల చివర్లో అక్కడ పసుపుపచ్చ హెల్మెట్లు పెట్టుకుని గోల చేసే ఒక బృందం తమని తామే బ్లీచర్ బమ్స్ అని పిలుచుకుంది. నాటకానికి పేరు అక్కడిదే.

ఆర్గానిక్ థియేటర్ అని షికాగోలో ఒక చిన్న నాటక బృందం ఉండేది. దాని దర్శకుడు స్టువర్ట్ గోర్డన్. తర్వాత హాలీవుడ్‌కి వెళ్లి ‘రీ-యానిమేటర్’ లాంటి భయానక సినిమాలు తీసింది ఈయనే. బృందంలో జో మాంటెన్యా అనే కుర్ర నటుడు కబ్స్ అభిమాని. ఇన్నేళ్లుగా ఓడిపోతున్న జట్టు కోసం వీళ్లంతా రోజూ ఎందుకు వస్తున్నారన్న దాని మీద నాటకం చేద్దామన్న ఆలోచన అతనిది. రచయిత అంటూ ఒకరు లేరు. నటులే కలిసి పాత్రలు తయారుచేసుకుని, మాటలు అల్లుకుని రాసుకున్నారు. మన పరిషత్తు నాటకాలవాళ్లకి రిహార్సల్లో డైలాగు పుట్టడం అంటే ఏమిటో తెలుసు కదా, మొత్తం నాటకం అలా పుట్టిందన్నమాట. ఆ బృందంలోంచే వచ్చిన డెనిస్ ఫ్రాంజ్ తర్వాత ‘ఎన్‌వైపీడీ బ్లూ’ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన మనిషయ్యాడు. మాంటెన్యా 1984లో టోనీ అవార్డు గెలిచాడు.

జట్టు చరిత్ర రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే నాటకం బరువు తెలియదు. కబ్స్ ఛాంపియన్లు అయింది 1908లో. ఆ తర్వాత వరల్డ్ సిరీస్ దాకా వెళ్లడం కూడా 1945తో ఆగిపోయింది. 1969లో ఆగస్టు మధ్య వరకూ తొమ్మిది ఆటల ఆధిక్యంలో ఉండి, సీజన్ ముగిసేసరికి న్యూయార్క్ మెట్స్‌కి ఎనిమిది ఆటలు వెనకపడ్డారు. నాటకం వచ్చిన 1977లో కూడా అంతే. జూన్ చివరికి 47 గెలుపులు, 22 ఓటములు. ఊరంతా పండగ. సీజన్ చివరికి 81 గెలుపులు, 81 ఓటములు. ఇంత కచ్చితంగా సున్నాకి సున్నా కొట్టడం కబ్స్‌కే చెల్లు.

నాటకం వేసే తీరు నాకు చాలా ఇష్టం. స్టేజీ మీద బెంచీలు, బెంచీల మీద అభిమానులు. వాళ్లు మన వైపు తిరిగి కూర్చుంటారు. అంటే మనం కూర్చున్న చోటే మైదానం. బంతి లేదు, బ్యాటు లేదు, ఆటగాడు ఒక్కడూ కనిపించడు. కబ్స్‌కి, సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి మధ్య మధ్యాహ్నం మ్యాచ్, తొమ్మిది ఇన్నింగ్స్. బంతి లేచిందని మనకి తెలిసేది ఇంతమంది తలలూ ఒక్కసారి పైకి లేచినప్పుడు. అవుటయ్యాడని తెలిసేది భుజాలు వాలిపోయినప్పుడు. నా చిన్నప్పుడు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది గుర్తుందా? సినిమా కనిపించదు, వినిపిస్తుంది. అయినా గుర్రం ఎటు పోయిందో, హీరోయిన్ ఎక్కడ ఏడుస్తోందో ఇంటిల్లిపాదికీ కళ్ల ముందు కట్టేది. ఇదీ అదే విద్య, కాకపోతే తిరగేసి. అక్కడ చెవితో చూసేవాళ్లం, ఇక్కడ ఎదుటివాడి ముఖంలో చూస్తాం.

పైగా ఆ గుంపులోనే చూపులేని అభిమాని ఒకడుంటాడు. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, రేడియోలో విన్నదానికి తన మాటలు కలిపి గట్టిగా కామెంటరీ చెబుతుంటాడు. స్టేడియానికి రోజూ వస్తాడు. రేడియో ఇంట్లోనే వినొచ్చు కదా, ఇంత దూరం రావడం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కాసేపటికి ఆ ప్రశ్న మనకే అక్కర్లేకుండా పోతుంది. మిగతావాళ్లలో ఆఫీసు ఎగ్గొట్టి వచ్చిన వ్యాపారస్తుడు ఉన్నాడు, ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియని చదువరి కుర్రాడు ఉన్నాడు, ఆట కంటే ఎండ కోసం వచ్చిన అమ్మాయి ఉంది, గొంతు చించుకునే చీర్‌లీడర్ ఉన్నాడు. జిగ్ అనేవాడు ఇంట్లో చెప్పకుండా పందాలు కాస్తుంటాడు. వాణ్ని వెతుక్కుంటూ భార్య రోజ్ స్టేడియానికే వస్తుంది. చూస్తూ చూస్తూ ఆమె కూడా ఆటలో పడిపోయే తీరు నాటకంలో అన్నిటికంటే సరదా అయిన భాగం.

అందరికంటే ముఖ్యుడు మార్విన్. వాడూ రోజూ వస్తాడు, అదే బెంచీ మీద కూర్చుంటాడు. కానీ కబ్స్ ఓడిపోతారని పందెం కాస్తాడు. మిగతావాళ్లు ప్రేమకొద్దీ తమ జట్టు మీద కాస్తారు కాబట్టి వాడి జేబు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. చిన్న పందాలతో మొదలై ఇన్నింగ్స్ గడిచేకొద్దీ వేడెక్కుతుంది. ఎవరు గెలిచారో చెప్పను. మార్విన్‌ని చూసి మీకు కోపం వస్తుందా, వాడి మాటలో న్యాయం కనిపిస్తుందా అన్నది మీ ఇష్టం. నాకు రెండూ కలిగాయి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, మనవాళ్లకి తెలియనిది. రిగ్లీ ఫీల్డ్‌లో 1988 ఆగస్టు వరకూ ఫ్లడ్‌లైట్లు లేవు. 1914లో కట్టిన స్టేడియం, డెబ్భై ఏళ్లకి పైగా అన్ని మ్యాచ్‌లూ పగలే. లైట్లు వేసిన మొదటి రాత్రి మ్యాచ్ వానకి కొట్టుకుపోయింది, మర్నాడు ఆడారు. అంటే ఈ నాటకం నాటికి మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి బ్లీచర్స్‌లో కూర్చోవాలంటే ఆ మనిషి రిటైరై ఉండాలి, ఉద్యోగం లేకుండా ఉండాలి, రాత్రి షిఫ్ట్ చేస్తుండాలి, లేదా బాసుకి అబద్ధం చెప్పి ఉండాలి. ఆ గుంపుని కలిపింది ఆట ఒక్కటే కాదు, ఆ టైము కూడా. టికెట్టు చౌక. ముందుగా కొనే పని లేదు, పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడితే చాలు. లాయర్ పక్కన లారీ డ్రైవర్ కూర్చునేవాడు. ఇప్పుడు బ్లీచర్స్‌కి నలుగురం వెళ్లాలంటే ఒక వారం కిరాణా ఖర్చు ముందుగానే ఆన్‌లైన్‌లో కట్టాలి. నేల టికెట్టు మల్టీప్లెక్సులో కలిసిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఇక సినిమా. దర్శకుడు సాల్ రుబినెక్, స్వతహాగా నటుడు. నటుల్లో వేన్ నైట్, బ్రాడ్ గారెట్, పీటర్ రీగర్ట్, హాల్ స్పార్క్స్, పెద్దాయన చార్లెస్ డర్నింగ్. ‘సైన్‌ఫెల్డ్’, ‘ఎవ్రీబడీ లవ్స్ రేమండ్’ చూసినవాళ్లకి మొదటి రెండు ముఖాలు వెంటనే తెలిసిపోతాయి. నటనకి వంక లేదు. కానీ నాటకం ముందు సినిమా తేలిపోయిందనే చెప్పాలి. స్టేజీ మీద మైదానం లేకపోవడమే బలం. కెమెరా ఒక్కసారి బంతి వెంట చూసిందా, మన ఊహకి పనుండదు. ఇంకోటి, సినిమాలో కబ్స్ లేరు. షికాగో బ్రూయిన్స్ అని ఒక కల్పిత జట్టు. అదే ఊరు, అదే గోల, పేరు మాత్రం వేరే. బయటివాళ్లకి ఇది చిన్న విషయం. షికాగోవాళ్లకి మాత్రం, మన పల్లెటూరి కథ తీసి గోదావరికి ఇంకో పేరు పెట్టినట్టు ఉంటుంది. దశాబ్దాల ఓటమి ఆ పేరులో ఉంది. పేరు మారిస్తే ఓటమి కూడా అద్దెకి తెచ్చినట్టు అనిపిస్తుంది.

నాటకాన్ని తెరకెక్కించినప్పుడు ఏం పోతుందో మనకి కొత్త కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ చదివి, 1955 సినిమా చూసినవాళ్లు సావిత్రి మధురవాణిని మెచ్చుకుంటూనే, పుస్తకంలోని గిరీశం ఎక్కడో జారిపోయాడని ఇప్పటికీ వాదిస్తుంటారు. ‘బ్లీచర్ బమ్స్’ విషయంలో మంచి సంగతి ఏమిటంటే, 1979లో పబ్లిక్ టెలివిజన్ కోసం నాటకాన్నే రికార్డు చేశారు. దొరికితే అది ముందు చూడండి, తర్వాత సినిమా. సంగీతం, డ్యాన్సులు కావాలనుకుంటే ‘డ్యామ్ యాంకీస్’ ఉంది. 1955 బ్రాడ్‌వే నాటకం, 1958లో సినిమా. తన జట్టు గెలుపు కోసం దెయ్యానికి ఆత్మ అమ్ముకునే ఒక మధ్యవయసు అభిమాని కథ. అది వినోదం. ఇది పొరుగింటి కథ.

నేను 2004లో ఎమ్మెస్‌కి షికాగో వచ్చాను. నన్ను మొదటిసారి బ్లీచర్స్‌కి తీసుకెళ్లింది నా మొదటి ఉద్యోగంలో పక్క సీటు పెద్దాయన. కోబాల్ ప్రోగ్రామరు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. పెన్సిలుతో స్కోరుకార్డు రాయడం నేర్పాడు. ఎవరు కొట్టారు, ఎవరు పట్టారు, అన్నీ గుర్తులే, చూస్తే పాత రోజుల ఫ్లోచార్టులా ఉంటుంది. 1969లో వాళ్ల నాన్నతో కలిసి ఆ బెంచీల మీదే కూర్చున్నాడట. ఆ సంవత్సరం గురించి చెబుతుంటే మనవాళ్లు 1977 ఉప్పెన గురించి చెప్పినంత బాధగా చెప్పేవాడు. ఆటకి అంత బాధ ఏమిటని అప్పట్లో లోపల్లోపల నవ్వుకునేవాణ్ని.

2016 నవంబరు 2 రాత్రి క్లీవ్‌లాండ్‌లో ఏడో మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సమానం, వాన పడి ఆట ఆగింది, మళ్లీ మొదలైంది, పదో ఇన్నింగ్స్‌లో 8-7తో కబ్స్ గెలిచారు. 108 ఏళ్ల తర్వాత. మర్నాడు షికాగోలో ఆఫీసులు పేరుకే నడిచాయి. ఆ రోజు సాయంత్రం నేను మా ఆవిణ్ని, పిల్లల్ని తీసుకుని రిగ్లీ ఫీల్డ్‌కి వెళ్లాను. లోపల ఏమీ లేదు, జనమంతా బయట గోడల దగ్గరే. ఇటుక గోడల నిండా రంగు సుద్దముక్కలతో పేర్లు. ఆటగాళ్లవి కొన్ని. ఎక్కువ మాత్రం చనిపోయినవాళ్లవి. నాన్న, తాత, అమ్మమ్మ, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, పక్కన ‘మనం గెలిచాం’ అని. చేతికి అందే చోటంతా నిండిపోయి, ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు ఎక్కి రాస్తున్నారు. సుద్దముక్క లేనివాళ్లకి ముక్కు ముఖం తెలియనివాళ్లు ఇస్తున్నారు. మా పెద్దాయన అప్పటికి రిటైరై అరిజోనా వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే, వాళ్ల నాన్న పేరు రాసిపెట్టమన్నాడు. మా అమ్మాయి రాసింది, స్పెల్లింగ్ రెండుసార్లు అడిగి. ఫొటో పంపితే చాలాసేపు జవాబు రాలేదు.

నాటకంలో ఆ బెంచీల మీదకి వాళ్లు ఎందుకు వస్తారో నాకు ఆ గోడ దగ్గర తెలిసింది. సమాధానం డైలాగుల్లో ఉండదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మార్విన్ గురించి. వాడు నాటకంలో ఒక్కడే. ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో ఉన్నాడు.

ఇల్లినాయిలో 2019లో చట్టం చేసి, 2020 మార్చి నుంచి ఆటల మీద పందాలని అనుమతించారు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది. రిగ్లీ ఫీల్డ్‌ని ఆనుకునే ఇప్పుడు ఒక బెట్టింగ్ కంపెనీ భవనం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం ఆన్‌లైన్ పందాలు నిషేధం, తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి. అక్కడ దొంగచాటుగా ఐపీఎల్ మీద కాసిన కుర్రాళ్లు ఇక్కడికి వచ్చేసరికి అదే పని టీవీ ప్రకటనల్లో, హీరోల ముఖాలతో, మొదటి పందెం మా ఖర్చే అని పిలుస్తోంది. తప్పు కాదు, చట్టమే ఒప్పుకుంది. అందుకే ఇళ్లలో ఎవరూ దాని గురించి మాట్లాడరు.

మా పెదనాన్న మనవడు, నాకు కొడుకు వరస, ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. పాతిక దాటాయి. వారాంతాల్లో మా ఇంట్లోనే భోజనం. మొన్న వేసవిలో కబ్స్ మ్యాచ్ చూస్తున్నాం. కబ్స్ ఏడుతో ముందున్నారు, చివరి ఇన్నింగ్స్, అవతలి జట్టుది సున్నా. నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను, వాడు సోఫా అంచున కూర్చుని గోళ్లు కొరుకుతున్నాడు.

“ఏరా, ఆట అయిపోయినట్టే కదా, ఆ టెన్షన్ ఏంటి?” అన్నాను.

“ఎవరు గెలిస్తే నాకేంటి బాబాయ్. రెండు టీములూ కలిపి ఎనిమిది దాటాలి. ఇంకా రెండు రన్నులు కావాలి.”

ఆ రెండు రన్నులూ పడలేదు. వాడు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. తర్వాత రెండు నెలలకి మా ఆవిడ దగ్గర కూర్చుని చెప్పుకున్నాడట, నా దగ్గర కాదు. “పిన్నీ, బాబాయ్‌కి చెప్పకు” అంటూనే. మూడు క్రెడిట్ కార్డులు. ఊళ్లో చెల్లెలి పెళ్లికి పంపాల్సిన డబ్బు అందులో ఉంది. వాడేమీ తిరుగుబోతు కాదు. కోడ్ బాగా రాస్తాడు, లెక్కలొచ్చు. లెక్కలు రావడమే వాడి ధైర్యం. మనవాళ్లలో ఈ ధైర్యం ఎక్కువ. పరీక్షలన్నీ గెలిచి వచ్చాం కదా, సంభావ్యత మన సబ్జెక్టు అనుకుంటాం. అవతల లెక్క వేసేది కంపెనీ అని, వాళ్ల వాటా ముందే అందులో కలిపి ఉంటుందని తెలిసి కూడా.

నాటకంలో జిగ్ పందెం కాసేది తన జట్టు మీద, తన పక్కవాడితో. ఓడితే డబ్బు ఇచ్చేటప్పుడు వాడి ముఖం చూడాలి. గెలిచినవాడు మర్నాడు పక్కనే కూర్చుంటాడు. భార్య వెతుక్కుంటూ రావడానికి ఒక చోటు ఉంది. ఫోన్‌లో ఆడేవాడిని వెతుక్కుంటూ ఏ ఇంటి ఇల్లాలైనా ఎక్కడికి వెళ్తుంది? పక్క గదిలోనే ఉంటాడు.

పనికొచ్చే మాట రెండు చెబుతాను. ఇల్లినాయి గేమింగ్ బోర్డులో ఎవరికి వాళ్లే పేరు నమోదు చేసుకుని, లైసెన్సు ఉన్న పందాలన్నిటికీ దూరంగా పెట్టమని కోరే పద్ధతి ఉంది. వేరే రాష్ట్రాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. మాట్లాడాలనుకుంటే 1-800-426-2537 నంబరు. కుర్రాడు ఆ కాగితం తానే నింపాడు, నేను పక్కన కూర్చున్నాను, అంతే. అప్పులు తీరడానికి ఇంకా టైము పడుతుంది.

ఆ శీతాకాలంలోనే మా ఊరి లైబ్రరీలో ఈ సినిమా డీవీడీ దొరికితే ఇంటికి తెచ్చాను. వాడూ చూశాడు. మార్విన్ గెలిచినప్పుడల్లా నవ్వాడు, మధ్యలో ఒకచోట నవ్వడం మానేశాడు. అయిపోయాక నాటకం కూడా చూడాలన్నాడు.

కబ్స్ గెలిచేశాక ఈ నాటకానికి కాలం చెల్లిందని అనేవాళ్లు ఉన్నారు. ఓడిపోతారని తెలిసి రావడమే కదా కథ అంటారు. నాకు అలా అనిపించదు. 2016 తర్వాత కూడా చాలా సీజన్లు చేదుగానే గడిచాయి, బెంచీలు ఖాళీ కాలేదు.

జులైలో కార్డినల్స్‌తో మధ్యాహ్నం మ్యాచ్ ఒకటి ఉంది. బ్లీచర్స్‌లో అయిదు టికెట్లు తీసుకున్నాం. రిగ్లీ ఫీల్డ్‌లో బయటి తిండి లోపలికి రానిస్తారు, చాలామందికి తెలియదు. మా ఆవిడ పులిహోర చేస్తానంది. కుర్రాడు స్కోరుకార్డు ఎలా రాస్తారో చెప్పమని అడుగుతున్నాడు. మూడు గుర్తులు నేర్పాను, ఇంకా చాలా ఉన్నాయి.